రసీదు ఎవరివ్వాలి?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది మెట్టుగూడ. నాన్న రైల్వేలో చేసేవారు, సర్వీసులో ఉండగానే పోయారు. అమ్మే మమ్మల్నిద్దరినీ పెంచింది. మా చర్చి సంఘంలో పెద్దగా ఉన్న ఒకాయన తన ఇంటి దగ్గర చిట్టీలు నడిపేవారు. చెల్లి పెళ్లికి అక్కరకొస్తుందని అమ్మ ఆయన దగ్గర 5 లక్షల చిట్టీ వేసింది. పాతిక మంది, నెలకు 20 వేలు. ఆఖరుదాకా ఎత్తకుండా ఉంటే ఎక్కువ చేతికొస్తుందని ఒక్కసారి కూడా పాట పాడలేదు. 22 నెలలు కట్టింది. పాట తగ్గింపులు పోను 3 లక్షల 80 వేలు. 2022లో ఒకరోజు వెళ్లి చూస్తే ఆయన ఇంటికి తాళం. ఫోన్ స్విచ్చాఫ్. చెల్లి పెళ్లి అప్పు తెచ్చి చేశాం, ఇప్పటికీ వడ్డీ కడుతూనే ఉన్నాం.

ఈ ఏడాది ఈస్టరుకు ముందొచ్చే లెంట్ ఉపవాస దినాల్లో ఆయన తిరిగొచ్చాడు. ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు. తాను పాపినని, ప్రభువు తన అప్పు పత్రాన్ని సిలువకు కొట్టేశాడని ఏడ్చాడు. "నీకే విరోధముగా పాపము చేశాను" అని దావీదు కీర్తన చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అదే రోజు బల్ల, అంటే ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం, తీసుకున్నాడు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. కొంపల్లిలో కొడుకు పేరు మీద ఫ్లాట్ ఉందని మాత్రం అందరికీ తెలుసు.

అమ్మ నా పక్కనే కూర్చుంది. ఆయన నెలనెలా సంతకం పెట్టిన చిట్టీ కార్డు అమ్మ బైబిల్ జిప్ కవర్లోనే ఉంటుంది. ఆయన ఏడుస్తుంటే అమ్మ జిప్పు సగం తీసింది, మళ్లీ వేసేసింది. ఇంటికొచ్చాక "వదిలెయ్ బిడ్డా" అంది. నేను ఆ రోజు బల్ల తీసుకోకుండా లేచి వచ్చేశాను. మూడు నెలలైంది, మళ్లీ తీసుకోలేదు. స్త్రీల కూడికలో ఒకావిడ, సంఘానికి ఇవ్వాల్సిన దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, సరిగ్గా ఇచ్చి ఉండరు, అందుకే పోయిందేమో అంది. మా పక్కింటి ఆంటీ వాళ్లు హిందువులు. సంగతి విని, "మాలో అయితే చేసుకున్నవాడికి చేసుకున్నంత. మీ దేవుడేంటమ్మా, ఏడిస్తే వదిలేస్తాడా?" అంది. నాకు జవాబు రాలేదు. అయ్యగారూ, దేవుడు న్యాయవంతుడైతే, మాకు అన్యాయం చేసినవాణ్ని మమ్మల్ని అడక్కుండా ఎలా క్షమిస్తాడు? నన్ను మీ కూతురనుకుని చెప్పండి.

— ఒక సోదరి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, కూతురనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఆఖరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం. మిమ్మల్ని అడక్కుండా దేవుడు క్షమిస్తాడా? తనకు రావాల్సింది క్షమిస్తాడు. మీ అమ్మకు రావాల్సింది ఆయన మాఫీ చేయడు. అవి రెండు వేరు వేరు ఖాతాలు. మీ సంఘంలో ఆ ఆదివారం జరిగిందల్లా ఒక ఖాతాకు రసీదు రాసిచ్చి, రెండోది కూడా తీరిపోయినట్టు చప్పట్లు కొట్టడమే.

ఇది నా సొంత తెలివి కాదు. బైబిల్లో లేవీయకాండం 6వ అధ్యాయం తీసి చూడు. ప్రసంగానికి ఎవరూ ఎంచుకోని అధ్యాయం అది. ఒకడు తనను నమ్మి దాచుకోమని ఇచ్చిన సొమ్ము కాజేశాడు, లేదా పొరుగువాణ్ని మోసం చేశాడు, పైగా లేదని అబద్ధపు ఒట్టు పెట్టుకున్నాడు. అచ్చం చిట్టీ కేసే. అతను ఏం చేయాలి? సొమ్ము మొత్తం, దాని మీద ఇంకో ఐదో వంతు, సొంతదారు చేతిలో పెట్టాలి. ఎప్పుడో వీలున్నప్పుడు కాదు, అపరాధ బలి తెచ్చే రోజునే. ఆ తర్వాతే యాజకుడు ప్రాయశ్చిత్తం చేస్తాడు, అతనికి క్షమాపణ కలుగుతుంది. వరస చూశావు కదా. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ఇంకాస్త ముందుకెళ్తుంది. నష్టపోయినవాడు లేకపోయి, తీసుకోవడానికి దగ్గరి బంధువు కూడా లేకపోతే, ఆ సొమ్ము యాజకుడికి ఇవ్వాలట. అంటే సొమ్ము ఇచ్చినవాడు చచ్చిపోయినా బాకీ చావదు.

మీ అమ్మ లెక్క నేనిక్కడ కాగితం మీద వేశాను. అసలు 3 లక్షల 80 వేలు, ఐదో వంతు 76 వేలు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం 4 లక్షల 56 వేలు. వడ్డీ వ్యాపారి లెక్క కాదిది, బలిపీఠం దగ్గరి లెక్క.

"అదంతా పాత నిబంధన, మనం కృప కింద ఉన్నాం" అని ఎవరో ఒకరు అంటారు. అంటే జక్కయ్య దగ్గరికి తీసుకెళ్లు. యెరికోలో సుంకం వసూళ్లకు పెద్ద, బాగా డబ్బున్నవాడు, మేడిచెట్టెక్కినవాడు. సండే స్కూల్లో ఆ చెట్టు బొమ్మ వేసి పొట్టివాడని నవ్వుకుంటాం గానీ, ఆయన నోటి నుంచి వచ్చిన అంకెలు మాత్రం పిల్లలకు చెప్పం. ఆస్తిలో సగం బీదలకు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చింది" అని యేసు అన్నది ఆ అంకెలు విన్న తర్వాతే. జక్కయ్య ఏడ్చాడని లూకా తన సువార్తలో ఎక్కడా రాయలేదు, లెక్క చెప్పాడని రాశాడు. ఆ లెక్కన మీ అమ్మకు రావాల్సింది 15 లక్షల 20 వేలు. ఊరికే చెప్తున్నాను, అడగమని కాదు.

ఇక ఆయన చదివిన కీర్తన. నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. 51వ కీర్తనలో దావీదు "నీకు కేవలము నీకే విరోధముగా" పాపం చేశానంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుంటే బాధితుడు లెక్కలోనే లేకుండా పోతాడు. పాపం నాకూ దేవుడికీ మధ్య, క్షమాపణ దేవుడికీ నాకూ మధ్య, మధ్యలో మీరెవరు? అదే కదా ఆ రోజు మైకులో వినిపించింది.

కానీ ఆ కీర్తన పైన ఉన్న చిన్న అక్షరాలు చదవాలి. నాతాను ప్రవక్త తన దగ్గరికి వచ్చినప్పుడు దావీదు రాసిందని ఉంటుంది. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాక వచ్చాడు నాతాను. ఆయన చెప్పిన కథేమిటి? బీదవాడికి ఒకే ఒక్క గొర్రెపిల్ల. వాడి కంచంలోదే తినేది, వాడి ఒళ్లోనే పడుకునేది. ధనవంతుడి ఇంటికి చుట్టం వస్తే, తన మందను ముట్టుకోకుండా ఆ గొర్రెపిల్లను పట్టుకెళ్లి కోయించాడు. వింటున్న దావీదు మండిపడి తీర్పు చెప్పేశాడు, వాడు నాలుగింతలు తిరిగివ్వాలని. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు నాతాను. భార్యను పోగొట్టుకుని, ప్రాణం కూడా పోగొట్టుకున్న ఊరియా తరఫున దేవుడే ఒక మనిషిని పంపించాడు. రాజును నిలదీయడానికి ఆ రోజుల్లో వేరే కోర్టు లేదు. దావీదు మాటను నేను అర్థం చేసుకునేది అలాగే. రాజుగా నన్నెవరూ ముట్టుకోలేరు, ఊరియా నోరు నేనే మూయించాను, నీ ముందు మాత్రం నాకు తప్పించుకునే దారి లేదు, అని. అది నేరస్థుడి మాట, ఊరియా పేరు కొట్టేయడానికి పెట్టిన సంతకం కాదు.

దేవుడు ఆ పేరు కొట్టేయలేదు కూడా. దావీదుకు క్షమాపణ దొరికింది, నీవు చావవు అన్నాడు నాతాను. అయినా కత్తి అతని ఇంటిని వదల్లేదు. తర్వాత దాదాపు వెయ్యేళ్లు గడిచాయి. మత్తయి సువార్త మొదటి పేజీ తీయి, మనం క్రిస్మస్‌కు గబగబా దాటేసే ఆ పేర్ల జాబితా. సొలొమోను తల్లి దగ్గరికొచ్చేసరికి బత్షెబ అని రాయలేదు. "ఊరియా భార్యగా నుండిన ఆమె" అని రాశాడు. యేసు వంశావళిలో, ఆ వంశంవాడు కూడా కాని ఊరియా పేరు. క్షమించిన దేవుడు మర్చిపోయిన దేవుడు కాదని ఎప్పుడైనా సందేహం వస్తే నేను ఆ వచనం దగ్గరికే వెళ్తాను.

ఆయన చెప్పిన రెండో మాట, పత్రం సిలువకు కొట్టేశాడన్నది. అది అపొస్తలుడు పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలోది, నిజమైన మాట. గ్రీకులో అక్కడున్న పదానికి, బాకీపడ్డవాడు తన చేత్తో రాసిచ్చిన కాగితం అని అర్థం. మన ప్రామిసరీ నోటు లాంటిది. మనం దేవునికి పడ్డ బాకీ నోటు అది, మేకు దిగింది దానికి. మీ అమ్మ జిప్ కవర్లో ఉన్న కార్డుకు కాదు.

ఈ తేడా పౌలుకు తెలుసని ఎలా చెప్పగలను? అదే కాలంలో, అదే ప్రాంతానికి ఆయన ఇంకో చిన్న ఉత్తరం రాశాడు, ఫిలేమోనుకు. ఒనేసిము అనే అతను ఫిలేమోను ఇంట్లో బానిస. వెళ్లిపోయాడు, పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. పౌలు అతన్ని తిరిగి పంపుతున్నాడు. (బానిసత్వం గురించి పౌలు అక్కడ ఇంకాస్త గట్టిగా మాట్లాడి ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. అది ఇంకో ఉత్తరానికి.) ఒనేసిము వల్ల నష్టం ఏమైనా జరిగి ఉంటే "సిలువలో అంతా తీరిపోయింది, వదిలెయ్ సోదరా" అని రాశాడా? లేదు. అతను నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, ఇదిగో నా చేత్తోనే రాస్తున్నాను, నేనే తీరుస్తాను అని రాశాడు. అపొస్తలుడు ఇంకొకడి అప్పుకు నోటు రాసిచ్చాడమ్మా. మీ సంఘంలో ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరైనా పెన్ను తీశారా?

మీ పక్కింటి ఆంటీ ప్రశ్న మంచి ప్రశ్న. మన సంఘాల్లో ఎవరూ అడగడానికి సాహసించనిది ఆమె గోడ అవతలి నుంచి అడిగింది. ఇంచుమించు ఇదే ప్రశ్న అన్సెల్మ్ అనే సన్యాసి కూడా వేసుకున్నాడు. అప్పటికే ఆయన ఇంగ్లండులో కాంటర్బరీకి ఆర్చిబిషప్. దేవుడు మనిషి ఎందుకయ్యాడు అని ఆయన రాసిన పుస్తకం 1098లో పూర్తయింది. పాపాన్ని ఏ చెల్లింపూ లేకుండా ఊరికే వదిలేస్తే, దేవుని రాజ్యంలో తప్పు చేసినవాడికీ చేయనివాడికీ తేడా ఏముంటుంది అంటాడు అందులో. దేవుణ్ని పరువు పోయిన జమీందారులా చూపించిన ఆయన పోలిక నాకు అంతగా నచ్చదు గానీ, ఆ ప్రశ్న మాత్రం తిరుగులేనిది.

కాబట్టి ఆంటీకి ఇలా చెప్పు. "లేదాంటీ, మా దేవుడు ఏడిస్తే వదిలేసే దేవుడు కాదు. అలా వదిలేసేవాడే అయితే సిలువ అక్కర్లేదు. పైనుంచి ఒక మాట చెప్తే సరిపోయేది." క్షమాపణ అంటే నష్టం మాయమైపోవడం కాదు, ఎవరో ఒకరు దాన్ని భరించడం. మీ అమ్మ ఆ 3 లక్షల 80 వేలు వదిలేసిందనుకో, ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, మీ అమ్మ కట్టింది. మీరు ఇంకా వడ్డీ రూపంలో కడుతున్నారు. తనకు వ్యతిరేకంగా జరిగినదాన్ని దేవుడు అలా తన మీద వేసుకున్నాడన్నదే మన విశ్వాసం. రోమా పత్రిక 3వ అధ్యాయంలో పౌలు చెప్పేదీ అదే, దేవుడు నీతిమంతుడుగా ఉంటూనే పాపిని నీతిమంతుడని తీర్చడం. ఒకరి శిక్ష ఇంకొకరికి వేస్తే అది న్యాయమా అంటావేమో. దారిన పోయే మూడోవాడికి వేస్తే కాదు. న్యాయాధిపతే బల్ల అవతలి నుంచి లేచొచ్చి బోనులో నిలబడ్డాడన్నది మన మాట. ఇది నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను. పూర్తిగా అర్థమైందని చెప్పేవాళ్ల దగ్గర నేను కాస్త జాగ్రత్తగా ఉంటాను.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అనే మాట మన బైబిల్లోనూ ఉంది, ఏం విత్తితే ఆ పంటే కోస్తారని గలతీయుల పత్రికలో. అయితే దాన్ని తిరగేసి కొట్టకూడదు. ఎవరికైనా నష్టం వచ్చిందంటే వాళ్లేదో చేసి ఉంటారని వెతకడం యోబు స్నేహితుల పని. మీ స్త్రీల కూడికలో ఆవిడ చేసింది అదే. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులా అని యేసే అడిగి, కాదు అన్నాడు. దొంగతనం చేసింది ఒకడైతే దశమభాగం లెక్క బాధితురాలిని అడుగుతారా! ఇంతకంటే రాస్తే నా కలం అదుపు తప్పుతుంది.

దేవుడు ఎందుకు చూస్తూ ఊరుకున్నాడని నువ్వు నేరుగా అడగలేదు గానీ, ఉత్తరమంతా ఆ ప్రశ్నే కనిపిస్తోంది. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, నిజాయితీగా సంతకం పెట్టగల చెయ్యే మోసంగానూ పెట్టగలదు అని మేము పాఠంలా చెప్తాం. అది నిజమే. కానీ 22 నెలలు టీ పొడి కూడా చూసి వాడుకుని డబ్బు కట్టిన విధవరాలికి అది సరిపోయే జవాబు కాదని నాకు తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే. అడగడం అవిశ్వాసం కాదు. బైబిల్లో హబక్కూకు ప్రవక్త పుస్తకం మొదలయ్యేదే ఎంతకాలం మొరపెట్టాలి అని. ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో, అన్యాయంగా చంపబడినవాళ్లు పరలోకంలో బలిపీఠం కింద ఉండి కూడా ఎందాకా ప్రభూ తీర్పు తీర్చవు అని కేకలు వేస్తారు. వాళ్లను నోర్ముయ్యమనలేదు. తెల్లని వస్త్రం ఇచ్చి, ఇంకొంచెం కాలం ఆగమన్నారు. అక్కడే ఫిర్యాదుకు చోటుంటే మీ సంఘంలో ఎందుకుండదు?

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. పాస్టరుగా అభిషేకం అయిన కొత్తలో చిలకలగూడ వైపు ఒక చిన్న సంఘం చూసేవాణ్ని. ఒకావిడ నాలుగు బంగారు గాజులు మరిది తీసుకెళ్లి తాకట్టు పెట్టి విడిపించలేదు. తగువు నా దగ్గరికొచ్చింది. నాకు అప్పుడు ముప్పై ఏళ్లు కూడా లేవు, సమాధానపరిచేవారు ధన్యులు అనుకుంటూ ఉత్సాహంగా ఉన్నాను. ఇద్దరినీ పక్కగదిలో నిలబెట్టి, ఆమెతో "క్షమించాను" అనిపించి, ఇద్దరి తలల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశాను. ఆమె చేతికి మట్టిగాజులు రెండేసి ఉన్నాయి, ప్రార్థనలో చేతులు జోడిస్తే గలగలమన్నాయి. నాకది ఇంకా గుర్తే.

కొన్నేళ్ల తర్వాత మోండా మార్కెట్లో కరివేపాకు బేరం చేస్తూ కనిపించింది. గుడికి రావడం ఎందుకు మానేశావమ్మా అన్నాను. తిట్టలేదు. "గాజులు అడిగినప్పుడల్లా, అయ్యగారి ముందే అయిపోయింది కదా వదినా అంటాడండీ" అంది. అంతే అని, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

నా ప్రార్థన వాడికి రసీదు అయింది. నాది కాని సొమ్ముకు నేను చెల్లు రాసిచ్చాను. మీ పాస్టరు గారి మీద నాకు కోపం లేదు, ఆయన చేసింది ఒకప్పుడు నేను చేసిందే.

మత్తయి 18వ అధ్యాయం నీకు తప్పకుండా వినిపిస్తారు, పదివేల తలాంతులు మాఫీ అయినవాడు వంద దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్న కథ. నువ్వే ఆ కఠినుడివి అన్నట్టు చెప్తారు. కథ సరిగ్గానే విను. దేనారం ఒక రోజు కూలి. మన లేబర్ అడ్డా మీద రోజుకు 800 అనుకుంటే వంద దేనారాలు 80 వేలు. చిల్లర కాదు. యేసు ఆ బాకీ అబద్ధమని అనలేదు. దేవుని ముందు మన బాకీ దాంతో పోల్చలేనంత పెద్దదన్నాడు, ఒక తలాంతే దాదాపు ఆరు వేల దేనారాలు. ఆ పెద్ద బాకీ నీకూ నాకూ కూడా ఉందన్నది నిజం, దాన్ని నేను దాచను. అందుకే నువ్వు అతని గొంతు పట్టుకోవద్దు. అతను నాశనమవ్వాలని రాత్రిళ్లు కోరుకోవద్దు, అది నిన్నే తింటుంది. కానీ గొంతు వదలడం వేరు, కార్డు చింపడం వేరు.

యేసు పక్కన సిలువ మీదున్న దొంగ ఏమీ తిరిగివ్వకుండానే పరదైసుకు వెళ్లాడు కదా అని కూడా అనొచ్చు ఆయన. ఆ దొంగ, మనకు పడ్డ శిక్ష న్యాయమే అని ఒప్పుకున్నాడు. పైగా అతని చేతులకు మేకులున్నాయి. ఈయన చేతులు ఖాళీగానే ఉన్నాయి, కొంపల్లిలో ఫ్లాట్ కూడా ఉంది.

బల్ల విషయం. నువ్వు ఎందుకు లేచొచ్చావో నాకు అర్థమవుతుంది, కానీ లేవాల్సింది నువ్వు కాదు. మత్తయి 5వ అధ్యాయంలో, కానుక బలిపీఠం దగ్గర పెట్టి వెళ్లి ముందు సమాధానపడు అని యేసు ఎవరికి చెప్పాడో చూడు. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" గుర్తొచ్చినవాడికి. అంటే బాకీ ఉన్నవాడికి. మీది ఏ సంఘమో నువ్వు రాయలేదు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలో బల్లకు ముందు చదివే హెచ్చరిక ఉంది. మీ తప్పులు దేవునికే కాక పొరుగువారికీ విరోధమైనవైతే, మీ శక్తి కొద్దీ నష్టం తిరిగివ్వడానికి సిద్ధపడి రండి అని. కతోలిక సత్యోపదేశమూ అంతే, సెయింట్ మేరీస్ చర్చిలో ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లినా దొంగిలించిన సొమ్ము తిరిగివ్వమనే చెప్పాలి. ఈ విషయంలో మన సంఘాల మధ్య గొడవే లేదు, మర్చిపోవడంలో తప్ప. వచ్చే ఆదివారం నువ్వు వెళ్లి బల్ల తీసుకో. ఆయన పక్కన మోకరించాల్సి వచ్చినా సరే.

అంతకంటే ముందు అమ్మతో కూర్చో. డబ్బు ఆమెది, కోపం నీది. "వదిలెయ్" అన్నది నిజంగా వదిలేసిందో, అలసిపోయి అందో నువ్వు అడగలేదు. అడుగు. నిజంగానే వదిలేస్తానంటే అది ఆమె హక్కు, నువ్వు అడ్డుపడకు. కానీ సంఘం ఏమంటుందోనన్న భయంతో అంటే, అది క్షమాపణ కాదు.

ఆమె సరేనంటే, మత్తయి 18లోనే ఉన్న వరస ప్రకారం వెళ్లండి. మొదట మీరిద్దరే ఆయన దగ్గరికి. సాక్ష్యం గురించి మాట్లాడొద్దు, కార్డు చూపించి నెలకు ఎంత కట్టగలరో అడగండి. ఒప్పుకుంటే కాగితం మీద సంతకం తీసుకోండి. బాకీ దావాకు మామూలుగా మూడేళ్ల గడువు. అది దాటిపోయినా, బాకీదారు మళ్లీ ఇస్తానని రాసి సంతకం పెడితే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ ఆ మాటకు విలువ ఇస్తుంది. రిజిస్ట్రేషన్ లేని చిట్టీ నడపడం 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం అసలు కుదరదు, అందుకని కాగితం ఎలా రాయించాలో ముందు వకీలును అడగండి. ఫీజు టెన్షన్ వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఒప్పుకోకపోతే ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లండి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పండి. విశ్వాసులు కోర్టుకెక్కకూడదని 1 కొరింథీయులు 6 చూపిస్తారు. ఆ అధ్యాయంలోనే పౌలు, మీలో తగువు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా అని సంఘాన్ని సిగ్గుపడమంటాడు, మీరే మీ సహోదరులను మోసం చేస్తున్నారని దులిపేస్తాడు. కోర్టు వద్దంటే సంఘం తీర్పు చెప్పాలి. రెండూ కాదంటే ఎలా? ఈ ఉత్తరం కావాలంటే మీ పాస్టరు గారికి చూపించు. ఆయన్ని చప్పట్లు వెనక్కి తీసుకోమని అడగొద్దు, ఫిలేమోను పత్రిక మీద ఒక ఆదివారం ప్రసంగం చేయమను. ఒక్క అధ్యాయమే, అరగంటలో అయిపోతుంది.

ఈలోగా ఆ కార్డు రెండు వైపులా జిరాక్స్ తీయించు, 22 సంతకాలూ స్పష్టంగా పడేలా. అసలు కార్డు మళ్లీ అమ్మ బైబిల్ కవర్లోనే పెట్టు.